ఫోన్ పగలగొట్టే ముందు

మా గదికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది కూర్చోకముందే ఫోన్ తీసి నా బల్ల మీద పెట్టేవాళ్లు. దొంగను పట్టుకొచ్చి అప్పగించినట్టు ఉండేది ఆ తీరు. "ఇగో మేడం, దీనితోనే మా పోరడు ఖరాబైండు" అనేవాళ్లు. ఆ పోరడు అప్పటికింకా తలుపు దగ్గరే నిలబడి ఉండేవాడు. నేను ఫోన్ జోలికి పోకుండా ముందు పిల్లవాణ్ని లోపలికి పిలిచి కుర్చీ చూపించేదాన్ని. మా పని అక్కడ మొదలవుతుంది. ఫోన్‌తో మాట్లాడలేం, పిల్లలతో మాట్లాడగలం.

నిజామాబాద్‌లో పిల్లల కౌన్సెలర్‌గా పనిచేసి ఈమధ్యనే రిటైరయ్యాను. టౌన్‌లోని బడులు, బోధన్ వైపు ఊళ్లు, ఇటు ఆర్మూర్ దాటి మోర్తాడ్, మెండోర దాకా నా తిరుగుడు. ఉద్యోగంలో చేరినప్పుడు నా దగ్గరికి వచ్చేది బడి మానేసిన పిల్లలు, చదువులో వెనకబడ్డవాళ్లు, ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లు. చివరి ఏళ్లలో ఏ కథ ఎక్కడ మొదలైనా ఫోన్ దగ్గరికే వచ్చి ఆగేది. నా స్థానంలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మొన్న ఇంటికొచ్చి, తల్లిదండ్రులకు అసలు ఏం చెప్పాలి మేడం అని అడిగింది. ఆమెకు నోటితో చెప్పింది తక్కువ. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

ప్రతిజ్ఞలు

మా పైఅధికారి ఒకాయన ఉండేవారు. మంచి మనిషి. కానీ ఆయనకు ర్యాలీలంటే ప్రాణం. పిల్లల్ని గ్రౌండులో వరసగా నిలబెట్టి, చేతులు ముందుకు చాపించి, "నేను సెల్‌ఫోన్ ముట్టను" అని ప్రతిజ్ఞ చేయించేవారు. ఫోటోలు తీసేవారు. ఒకసారి బోధన్ దగ్గర ఒక బడిలో పొద్దున ఈ ప్రతిజ్ఞ జరిగింది. అదే రోజు సాయంత్రం ఆ బడివాళ్లే హోంవర్కు మొత్తం తల్లుల ఫోన్లకు పంపారు. పిల్లలు ఏం చేస్తారు? పొద్దున ముట్టనన్నదాన్ని సాయంత్రం ముట్టారు. పెద్దవాళ్లు చెప్పే మాటలు పాటించడానికి కాదు, పలకడానికేనని నేర్చుకున్నారు.

ఈ సంగతి నేను సారుతో గట్టిగానే అన్నాను. మనం మాట్లాడాల్సింది పిల్లలతో కాదు, వాళ్ల ఇళ్లలోని పెద్దలతో అన్నాను. పెద్దలు మీటింగులకు రారమ్మా అన్నారాయన. రాకపోతే మనమే వాళ్ల ఇళ్లకు పోదాం అన్నాను. ఆయన నవ్వి, పోతే పో అన్నారు. ఆ మాటనే అనుమతిగా తీసుకుని సర్వీసు చివరిదాకా తిరిగాను.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. తల్లినిగానీ తండ్రినిగానీ పిల్లల ముందు తప్పు పట్టకూడదు. "నీ ముందు పోయిన పరువు ఇంటికి పోయి పిల్లల మీద రాబట్టుకుంటరమ్మా" అనేవారు. ఎన్ని పుస్తకాలు చదివినా నాకు ఇంతకంటే పనికొచ్చిన మాట దొరకలేదు.

బీరువా తాళం

బోధన్ కాలువ కింద వరి వేసే రైతు సుబ్బారావు గారు. వాళ్ల తాతల కాలంలోనే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనుక్కున్నారు. ఆయన కొడుకు పదో తరగతి. ఉన్నట్టుండి అన్నం మానేశాడు, ఎవరి ముఖమూ చూడడం లేదు. ఫోన్ గొడవేమో అని నేను అనేలోపే ఆయన అడ్డుపడ్డారు.

"మా ఇంట్లో ఆ బెడదే లేదండి. ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసేశాను. వాడు ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని చెప్పాను."

కుర్రాడితో విడిగా మాట్లాడితే తేలింది వేరు. పొలం దగ్గర మోటారు షెడ్డులో స్నేహితులు చేరతారు. వాళ్లలో ఒకడి దగ్గర ఫోన్ ఉంది. అందులో వాళ్లు చూపించిన వీడియోలు ఈ పిల్లవాడు చూడదగ్గవి కావు. చూశాడు. చూసినప్పటి నుంచి అన్నం ముందు కూర్చున్నా, కళ్లు మూసుకున్నా అవే కనిపిస్తున్నాయి. నాన్నకు చెప్పాలని ఒకటి రెండుసార్లు దగ్గరికి పోయాడు. కానీ చెప్పాలంటే ఫోన్ చూశానని ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే చేతులు విరుగుతాయి. నోరు మూసుకున్నాడు.

తాళం వల్ల ఫోన్ ఆగలేదు. కొడుకు తండ్రితో చెప్పుకునే మాట ఆగింది.

ఈ సంగతి సుబ్బారావు గారికి బయట గట్టు మీద నడుస్తూ చెప్పాను. వాడితో ఇలాంటి విషయాలు ఎలా మాట్లాడతామండి అన్నారాయన. పూర్తిగా మాట్లాడక్కర్లేదు, కొట్టనని ఒక్కమాట చెప్పండి, మిగతాది వాడే మొదలుపెడతాడు అన్నాను. అలాగే జరిగింది. తాళం తీసి, ఫోన్ ముందు గదిలో అందరి కళ్లముందు ఉండేట్టు చేసుకున్నారు. ఆయన సొంత ఫోన్ కూడా అక్కడే ఉండాలని కొడుకు షరతు పెడితే కాదనలేకపోయారు.

గంగామణి ఇంట్లో

ఇప్పుడు చెప్పబోయేది నా ఉద్యోగంలో నన్ను ఎక్కువగా కదిలించిన కేసు. పేర్లు మార్చి రాస్తున్నాను.

పసుపు ఉడకబెట్టే రోజులు. మోర్తాడ్ వైపు ఒక ఊరి బడి నుంచి టీచరమ్మ ఫోన్ చేసింది. తొమ్మిదో తరగతి అమ్మాయి శ్రావణి కొద్దిరోజులుగా బడికి రావడం లేదు. ఇవాళ వాళ్ల బాబాయి వచ్చి టీసీ ఇమ్మని అడిగాడు. కారణం అడిగితే చెప్పలేదు. బాగా చదివే పిల్ల, మీరు ఒకసారి వస్తారా అంది. మరునాడు పొద్దున బస్సెక్కాను.

ఇంటి ముందు కల్లమంతా పసుపు ఆరబోసి ఉంది. శ్రావణి తల్లి గంగామణి కొమ్ములు తిరగేస్తోంది. తండ్రి రాజన్న సౌదీలో పని చేస్తాడు. ఇంటి మంచిచెడ్డలన్నీ చూసేది అతని తమ్ముడు నర్సయ్య. అతను నన్ను చూడగానే లేచి నిలబడి, టీసీ ఇస్తే చాలు, వేరే మాట అక్కర్లేదన్నాడు. నేను మంచినీళ్లు అడిగాను. నీళ్లు ఇచ్చినవాళ్లు వెంటనే వెళ్లగొట్టలేరు. తాగి, మంచం మీద కూర్చుని, అమ్మాయిని చూసే వెళ్తానని చెప్పాను.

కొంతసేపటికి గంగామణి ఏడుస్తూ మొత్తం చెప్పింది.

శ్రావణి ఫోన్‌లో ఒక ఆట ఆడేది. అందులో కరీంనగర్ అమ్మాయినని, తనదీ తొమ్మిదో తరగతేనని ఒకరు పరిచయమయ్యారు. రోజూ మాటలు. పరీక్షల గురించి, టీచర్ల గురించి, దూరంగా ఉన్న తండ్రుల గురించి. కొన్నాళ్లకు ఫోటో అడిగితే ఇంట్లో తీసుకున్న మామూలు ఫోటోలు పంపింది. ఆ అవతలి మనిషి అమ్మాయి కాదని బెదిరింపులు మొదలయ్యాకే తెలిసింది. ఎదిగిన మగవాడు. ఆ ఫోటోల్లో ఒకదాన్ని చూడరానిదిగా మార్చి తిరిగి పంపాడు. తను అడిగినవి పంపకపోతే దాన్ని వాళ్ల నాన్నకే పంపిస్తానన్నాడు. మాటల్లో మాటగా నాన్న నంబరు ముందే తీసుకున్నాడు మరి.

శ్రావణి బయట బట్టలు ఆరేస్తుండగా ఆ బొమ్మ మళ్లీ వచ్చింది. గంగామణి కంటపడింది. ఆమె బిడ్డను కొట్టింది, మరిదిని పిలిచింది. నర్సయ్య వెంటనే తీర్పు చెప్పేశాడు. ఫోన్ పగలగొట్టాలి, బడి మాన్పించాలి, బంధువుల ఊరికి పంపి తొందరగా సంబంధం చూడాలి.

"ఇజ్జత్ పోయినంక సదువెందుకు మేడం?" అన్నాడు నాతో. ఫోన్ అతని చేతిలోనే ఉంది. "దీన్ని ఇప్పుడే బండకేసి కొడ్త. పీడ వోతది."

నేను లేచి అతని ఎదురుగా నిలబడ్డాను. "వాడు రాసినయన్నీ దీంట్లనే ఉన్నయి నర్సయ్యా. ఇది పగిలితె వాడు బతికిపోతడు. దొరికేది మీ బిడ్డ ఒక్కతే."

అతను చెయ్యి ఎత్తి ఉంచాడు. నేను కదల్లేదు. కాసేపటికి ఫోన్‌ను నా చేతికి ఇవ్వకుండా వదినకు ఇచ్చి బయటికి పోయాడు. అదే నాకు చాలు.

కొట్టినందుకు గంగామణిని ఏమీ అనలేదు. సారు మాట గుర్తుంది. ఫోన్‌లో పిల్ల ఏం చూస్తుందో ఎప్పుడైనా అడిగేదానివా చెల్లె అని మాత్రం అడిగాను.

"దాంట్ల నాకేం తెలుస్తదక్కా. ఆయనకు ఫోన్ కలపాలన్నా దాన్నే పిలుస్త. ఏదన్న మెసేజ్ వస్తె అదే సదివి చెప్తది. నేను దాన్ని ఏమని అడగాలె?"

మన పనిలో ఇది బాగా అర్థం చేసుకోవాల్సిన మాట. మన జిల్లాలో ఎన్నో ఇళ్లలో తండ్రి ఎడారి దేశంలో ఉంటాడు. ఇంటికి ఫోనే అతని ముఖం, అతని గొంతు. దాన్ని నడిపేది ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్ల. తెలియని వస్తువు విషయంలో బిడ్డకు బుద్ధి చెప్పే ధైర్యం ఏ తల్లికి ఉంటుంది? "ఫోన్ ఇవ్వకండి" అని ఆ ఇంట్లో ఉపన్యాసం ఇస్తే, నాన్నను ఇంట్లోకి రానివ్వకండి అన్నట్టే.

లోపలి గదిలో శ్రావణి గోడకు ఆనుకుని కూర్చుంది. చాలాసేపు నేను మామూలు సంగతులే మాట్లాడాను. చివరికి ఒక్క మాట అంది. "బాపుకు చెప్పొద్దు మేడం."

ఎందుకని అడిగితే నెమ్మదిగా చెప్పింది. తన ముఖం చూడడానికని నాన్న ఆ ఫోన్ అక్కడినుంచి పంపించాడు. ఇది తెలిస్తే ఇక తన ముఖం చూడడు.

ఆ భయమే అవతలివాడి చేతిలో ఉన్న కత్తి. దాన్ని వాడి చేతిలోంచి లాగెయ్యాలంటే వాడికంటే ముందు మనమే నాన్నకు చెప్పాలి. ఇది శ్రావణికి విడమరిచి చెప్పాను. ఆమె ఒప్పుకోకుండా మాత్రం చెప్పననీ మాటిచ్చాను. కొత్తవాళ్లు ఇక్కడ తొందరపడతారు. పిల్ల మంచికే కదా అని పిల్లకు తెలియకుండా పని నడిపిస్తారు. అప్పటికే ఒకడు ఆమె ఇష్టంతో పని లేకుండా ఆమె ఫోటోతో ఆడుకున్నాడు. మనమూ అదే తోవలో పోకూడదు. నేను ఆ రోజు వెళ్లిపోయి మళ్లీ వచ్చాను. అప్పుడు ఒప్పుకుంది. చెప్పేది మాత్రం అమ్మే చెప్పాలంది.

శుక్రవారం రాజన్నకు సెలవు. మధ్యాహ్నం శ్రావణి తప్ప అందరం ముందు గదిలో కూర్చున్నాం. గంగామణి ఫోన్ ఒళ్లో పెట్టుకుని నావైపు చూసింది. నాకు ఇవ్వబోయింది. నేను తీసుకోలేదు.

"శ్రావణీ, మీ అమ్మకు ఎట్ల కలపాల్నో చూపియ్యి" అని లోపలికి వినబడేలా అన్నాను.

ఆ పిల్ల గుమ్మం దాటి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. దెబ్బలు తిన్న తర్వాత తల్లి దగ్గరికి రావడం అదే మొదలట. తల్లి వేలు పట్టుకుని, ఇక్కడ నొక్కు, ఇది నాన్న పేరు, ఇప్పుడు ఈ బొమ్మ నొక్కు అని చూపించింది. గంగామణి చూపినచోటల్లా నొక్కింది. రాజన్న తెర మీదకు వచ్చాడు. వెనక ఒకదానిమీద ఒకటి ఇనుప మంచాలు.

గంగామణి దాచకుండా చెప్పింది. మధ్యలో ఆగినప్పుడు నేను అందించలేదు, ఆమే తేరుకుని మళ్లీ చెప్పింది. నర్సయ్య గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఆమె ముగించాక తెర మీది మనిషి కదల్లేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత అతను భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకోవడం చూశాను.

"బిడ్డకియ్యి" అన్నాడు.

శ్రావణి తల ఎత్తలేదు. గంగామణి ఫోన్‌ను కిందికి వంచి పట్టుకుంది.

"వాడు పంపితె పంపనియ్యి బిడ్డ" అన్నాడు రాజన్న. "నువ్వేందో నాకెర్కలేదా? వాడు పంపేది జూసి నేను నిన్ను గుర్తువట్టాల్నా?"

శ్రావణి ఏడ్చింది. అన్ని రోజులూ ఏడవని పిల్ల ఏడ్చింది. అతను ఆపమనలేదు. ఆమె ఊపిరి కుదుటపడ్డాక తమ్ముణ్ని పిలిచి, బడి మాన్పియ్యకురా, ఠాణాకు నువ్వే తోలుకపో అన్నాడు. నర్సయ్య తలూపాడు.

ప్రతి తండ్రీ ఇలా మాట్లాడతాడని నమ్మి వెళ్లకండి. బూతులు తిట్టి ఫోన్ పెట్టేసిన తండ్రుల్నీ చూశాను. అలాంటప్పుడు మన పని ఆగదు, పొడుగవుతుంది. మళ్లీ పోవాలి. అతను ఎవరి మాట వింటాడో కనుక్కోవాలి. మేనమామ కావచ్చు, మేస్త్రీ కావచ్చు, పక్క మంచం మీద పడుకునే స్నేహితుడు కావచ్చు. ఇంట్లో ఒక్క పెద్ద మనిషైనా పిల్ల వైపు నిలబడేదాకా కేసు ముగిసినట్టు కాదు.

ఠాణాకు నర్సయ్యే బండి మీద వదినను, శ్రావణిని తీసుకొచ్చాడు. నేను బస్సులో వెళ్లి కలిశాను. అక్కడి మహిళా ఎస్సై అమ్మాయిని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని ఓపికగా విన్నది. ఏదీ చెరిపేయొద్దని, వాడికి ఇంకేమీ జవాబివ్వొద్దని చెప్పింది. ఫోన్‌లోని మాటలన్నీ సైబర్ నేరాల విభాగానికి వెళ్లాయి. కొన్ని నెలల తర్వాత కబురొచ్చింది. మనిషి దొరికాడు. పక్క జిల్లావాడు, పెళ్లయినవాడు. అతని ఫోన్‌లో ఇంకా కొందరు ఆడపిల్లల ఫోటోలు ఉన్నాయట. శ్రావణి నోరు తెరిచినందుకు ఆ పిల్లలకూ ఊపిరి ఆడింది. ఈ మాట ఆమెకు ప్రత్యేకంగా వెళ్లి చెప్పాను.

అంతా సుఖాంతమని రాస్తే అబద్ధమవుతుంది. ఊళ్లో మాట ఆగలేదు. బస్టాండు దగ్గర ఎవరో ఏదో అంటే శ్రావణి మళ్లీ రెండు రోజులు బడికి రాలేదు. టీచరమ్మ స్వయంగా ఇంటికి వెళ్లి తీసుకొచ్చింది. పదో తరగతి పాసై ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. కానీ తరగతి ఫోటో తీసేటప్పుడు ఇప్పటికీ పక్కకు తప్పుకుంటుందట. ఒక దుర్మార్గుడు ఆడిన ఆట ఆ పిల్ల నుంచి ఎంత పట్టుకుపోయిందో దాన్నిబట్టి తెలుసుకోవచ్చు.

తల్లిదండ్రులకు నేను చెప్పేది

ఎన్ని గంటలు చూస్తున్నాడని అడగడం తర్వాత. ఏం చూస్తున్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు అన్నది ముందు. పిల్లలు ఆడే ఆటను పక్కన కూర్చుని ఒకసారి ఆడండి. ఓడిపోండి, ఏం కాదు. ఆటలో పరిచయమైనవాళ్లకు ఊరు, బడి, ఫోటో, ఇంట్లోవాళ్ల నంబర్లు ఇవ్వకూడదని ఆ ఆట మధ్యలోనే చెప్పండి. గోడ మీద రాసి అతికిస్తే ఎవరూ చదవరు.

తప్పు ఎప్పుడూ బయటివాళ్లదే కానక్కర్లేదు. పక్కింటి పిల్లను ఏడిపించే మెసేజ్ మీ పిల్లవాడు పంపించి ఉండవచ్చు, ఎవరి ఫోటోనో నవ్వులాటకు పదిమందికి పంచి ఉండవచ్చు. అదీ అడగండి. మావాడు అలాంటివాడు కాదు అనే మాట నేను విన్నన్నిసార్లు మరే మాటా వినలేదు.

నియమం పెడితే ఇంట్లో అందరికీ పెట్టండి. అన్నం తినేటప్పుడు ఫోన్ వద్దంటే తాతకూ వద్దు, నాన్నకూ వద్దు. పసిపిల్లలకు ముద్ద దిగడం లేదని ఫోన్ పెట్టకండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడలేదు, ఎంత ముద్దుగా బతిమాలినా.

ఏదైనా జరగకముందే పిల్లలకు చెప్పాల్సింది ఒకటుంది. ఏం జరిగినా ముందు నాకు చెప్పు, నిన్ను కొట్టను. ఈ మాట చెప్పడం తేలిక. పిల్ల వచ్చి నిజంగా చెప్పిన రోజు దాని మీద నిలబడడం కష్టం. అలా నిలబడేట్టు తల్లిదండ్రుల్ని తయారుచేయడమే మన ఉద్యోగం. మిగతావన్నీ కాగితాలు.

చివరి మీటింగు

రిటైరయ్యే ముందు శ్రావణి వాళ్ల ఊరి బడిలోనే ఒక మీటింగు పెట్టాను. వచ్చింది కొద్దిమంది తల్లులే. నేను మాట్లాడుతుంటే ముందు వరసలో ఒకామె, మా పిల్లలకు ఇవన్నీ తెల్వయి మేడం, మీరే లేనిపోనివి నేర్పుతున్నరు అంది. నేను జవాబు చెప్పేలోపు వెనక నుంచి గంగామణి లేచింది. ఆమెను మాట్లాడమని నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనుకున్నాను.

"నేను గూడ గట్లనే అనుకున్న" అంది. "మా ఇంట్ల ఏమైందో మీకందరికి తెలుసు. నా ఎనుక మాట్లాడుకున్నరు, నేను విన్న. ఇయ్యాల నా ముంగట వినుండ్రి. నా బిడ్డ తప్పు జేయలే. నేను ఎన్నడు అడగలే, అది ఎన్నడు చెప్పలే. మీరు అడుగుండ్రి."

కూర్చుంది. ముందు వరసలోని ఆమె కొంగు సర్దుకుంది.

మీటింగు అయిపోయి అందరూ వెళ్లాక ఒకామె గుమ్మం దగ్గర ఆగిపోయింది. నావైపు కాదు, గంగామణి వైపు చూసింది. ఆమె బిడ్డ కూడా కొద్దిరోజులుగా గదిలోంచి బయటికి రావడం లేదట, అడిగితే తలకాయ నొప్పి అంటోందట.

నేను సంచీ భుజాన వేసుకుని లేచాను. గంగామణి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీరు జర కూసోండ్రి అక్కా. కొత్త మనిషిని జూస్తె పిల్ల బెదురుతది. ముందుగాల మేము వోతం. అవసరం వడితె పిలుస్త."

ఇద్దరూ గేటు దాటి ఆ ఇంటివైపు నడిచారు. నేను సంచీ కింద పెట్టి, పిలిస్తే వెళ్దామని బెంచీ మీద కూర్చున్నాను.